సున్నం తక్కువైన గాజు

వెనిస్ పక్కన గాజు పనివాళ్ళ దీవి మురానోలో ఒలిందోని పిచ్చివాడు అనడానికి ఎవరూ తడుముకోలేదు. నేనూ అన్నాను, వెనకాల కాదు, మొహం మీదే అన్నాను. మూడు వందల ఏళ్ళనాటి గాజు పళ్ళేన్ని మీ గుమ్మం ముందుకు తెచ్చి, దానికి బదులు మీ పెళ్ళికి ఎవరో ఇచ్చిన నిన్నమొన్నటి ఉప్పుగిన్నె ఇమ్మని బతిమాలే మనిషిని ఇంకేమంటారు? ఊళ్ళో సగం మంది ఆ బేరంలో బాగుపడ్డారు. బాగుపడ్డవాళ్ళే ఎక్కువ నవ్వారు.

ఈ ఫిబ్రవరిలో పోయాడు. పోయాక చర్చి పత్రికలో "పాత గాజును ప్రాణంగా ప్రేమించిన రసికుడు" అని రాశారు. చదివి పత్రికని పొయ్యిలో పెట్టాను. ఒలిందోకి పాత గాజు మీద ప్రేమా లేదు, దోమా లేదు. అతను పోగేసింది ఏమిటో, ఎందుకో తెలిసినదాన్ని ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. నా పేరు నీవెస్. ముప్పై ఎనిమిదేళ్ళు సాన చక్రం ముందు కూర్చుని గాజు సామాన్ల అడుగున, వేడి మీద పట్టుకున్న కడ్డీ విరిచినచోట మిగిలే కడ్డీ మచ్చలు అరగదీశాను. ఏ వస్తువునైనా ముందు బోర్లించి చూడటం నాకు అలవాటు. మనుషుల్ని కూడా అలాగే చూస్తానని అంటారు. అబద్ధం కాదు, కానీ ఒక్క విషయంలో చూడాల్సినప్పుడు చూడలేదు. అదే చెప్పబోతున్నాను.

ఒలిందో వాళ్ళ ఇంటిపేరు ఎవరికీ గుర్తులేదు. అందరూ బూడిదవాళ్ళు అనేవారు. ముత్తాతల నుంచీ కొలిమికి దినుసులు కలిపే పని వాళ్ళది. ఇసుక, ఒకప్పుడు బూడిదలోంచి తీసే సోడా, సున్నం, ఆపైన పేరు చెప్పని పొడులు చిటికెడు చిటికెడు. గొట్టం పట్టుకుని ఊదే మేస్త్రిని చూడటానికి దొరలొస్తారు, దొరసానులొస్తారు. దినుసులు కలిపేవాణ్ణి చూడటానికి ఎవరూ రారు. వాళ్ళ నాన్న సాంతేకి అదే ఇష్టం. గడియ పెట్టుకుని కలిపేవాడు. కన్నకొడుకుని కూడా ఇసుక తూచేంతవరకే రానిచ్చాడు.

సాంతే దగ్గర ఒక పుస్తకం ఉండేది. ఏ గాజుకి ఏది ఎంతో అందులో రాసి ఉండేది. కానీ మా ఊళ్ళో ఒక మాట ఉంది, పుస్తకం దొంగ కోసం రాస్తారు, కొడుక్కి చెవిలో చెబుతారు అని. పుస్తకంలో ఎక్కడో ఒకచోట కావాలని తప్పు రాసిపెట్టేవారు. ఎత్తుకుపోయినవాడు దాన్ని నమ్ముకుని కలిపితే వాడి కొలిమి నాశనమైపోవాలి. అసలు లెక్క తండ్రి తన ఆఖరి రోజుల్లో కొడుక్కి చెప్పేవాడు. బాగానే ఉంది ఏర్పాటు, తండ్రి నోరు పనిచేసినంతకాలం.

పంతొమ్మిది వందల యాభై ఒకటో సంవత్సరం చలికాలంలో సాంతేకి పక్షవాతం వచ్చింది. కుడివైపు మొత్తం పడిపోయింది, మాట పోయింది. తొమ్మిది రోజులు బతికాడు. ఆ తొమ్మిది రోజులూ ఎడమచేత్తో మూడు వేళ్ళు చూపించాడు. ఎవరు గదిలోకి వెళ్ళినా మూడు వేళ్ళే. నేను అప్పటికి పెళ్ళికాని పిల్లని, గిన్నెలో చారు పట్టుకుని వెళ్ళాను, నాకూ చూపించాడు. నేను చేసుకోబోయే జిల్దో ఆ కొలిమిలోనే మేస్త్రి. "మూడు గ్లాసుల వైన్ అడుగుతున్నాడేమో, పోసి చూడండి" అన్నాడు. ఒలిందో వాళ్ళమ్మ ఎర్సీలియా చేతిలో చీపురు ఉండబట్టి సరిపోయింది, గరిటె అయితే బుర్ర పగిలేది.

ఎనిమిదో రోజున ఫాదర్ విర్జీలియో వచ్చాడు. సాంతే ఆయనకీ మూడు వేళ్ళు చూపించాడు.

"చూశావా ఎర్సీలియమ్మా! తండ్రీ, కుమారుడూ, పరిశుద్ధాత్మా! ముప్పై ఏళ్ళు చర్చి గడప తొక్కనివాడు ఇప్పుడు ఆ ముగ్గుర్నీ పిలుస్తున్నాడు."

ఎర్సీలియా అక్కడికక్కడే మోకాళ్ళ మీద పడింది. సాంతే కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి. ఆ ఎడమచెయ్యి పరుపుకేసి కొట్టాడు, మళ్ళీ కొట్టాడు. "పశ్చాత్తాపం" అన్నాడు ఫాదర్. ఒలిందో కూడా వంగి తండ్రి చెయ్యి ముద్దు పెట్టుకున్నాడు. నేను గుమ్మంలో నిలబడి ఏడ్చాను. అంత బాగుంది ఆ దృశ్యం.

సమాధి రాయి మీద పేరు కింద ఒక చెయ్యి చెక్కించింది ఎర్సీలియా. మూడు వేళ్ళు ఎత్తిన చెయ్యి. మా శ్మశానంలో నీళ్ళ వైపు గోడ పక్కన ఇప్పటికీ ఉంది.

ఇక దినుసులు కలపడం ఒలిందో చేతికొచ్చింది. పుస్తకంలో ఎక్కడో తప్పు ఉంటుందని వాడికి తెలుసు. వెతికాడు. గాజులో పచ్చఛాయ పోగొట్టడానికి వేసే నల్లపొడి లెక్క ఎక్కువగా ఉంది, అలాగే వేస్తే గాజు వంకాయ రంగుకి తిరిగింది. తగ్గించాడు, తేటపడింది. అబద్ధం దొరికిందని సంబరపడ్డాడు. ఒకటి దొరికింది కదా అని రెండోదాన్ని వెతకలేదు. ముసలాయన రెండు రాశాడు మరి.

ఆ గాజు ఎంత బాగుండేదో చెప్పాలి. తీగపాకంలా సాగేది. గొట్టం చివర ఎంతసేపు తిప్పినా గట్టిపడేది కాదు, మేస్త్రి చెప్పినట్టు వినేది. "మీ నాన్న గాజు గాడిదరా, నీ గాజు నెయ్యి" అని జిల్దో ఒలిందో వీపు మీద చరిచేవాడు. ఇరవై మూడేళ్ళవాడు, సిగ్గుతో మెలికలు తిరిగిపోయేవాడు. ఆ గాజు నడిచిన అయిదేళ్ళలో జిల్దో చేసినలాంటివి అంతకుముందు చెయ్యలేదు, ఆ తర్వాతా చెయ్యలేదు. ఉల్లిపొరంత పల్చటి అంచులు, వెంట్రుకలాంటి కాడలు, వాటి మీద పువ్వులు, రెక్కలు.

నా పెళ్ళికి అతను చేసిచ్చింది మలుగు పాత్ర. మా నాన్న పాముల్లా పొడుగ్గా ఉండే మలుగు చేపలు పట్టేవాడు. శుక్రవారాలు నేను బుట్టతో కొలిమికి తీసుకెళితే మేస్త్రులు కొలిమి పై అరలో ఆకులు పరిచి, ఆ వేడికి వండుకునేవారు. జిల్దో నన్ను చూసింది అలాగే. బుట్టలోంచి ఒక మలుగు జారి అతని చెప్పుల మీద పడింది. అందుకని పాత్రకి కాడగా ఒక మలుగు చేపని చేశాడు, వంపు తిరిగి తన తోకని తనే నోట పట్టుకున్నది. దాని మీద గిన్నె నిలబడి ఉంటుంది. ఒక్క ఊపిరితో చేశాడు. అడుగున కడ్డీ మచ్చ అరగదీయబోతే నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఉండనీ. అది దీని బొడ్డు" అన్నాడు.

యాభై ఏడులో దక్షిణం నుంచి తేమగాలి వారం రోజులు విడవకుండా వీచింది. గోడలు చెమర్చాయి, రొట్టె బూజు పట్టింది. కొలిమి గోదాములో నిలవ ఉన్న పాత్రలు ఒలిందో చేతికి తడిగా తగిలాయి. తుడిచాడు. మర్నాడు మళ్ళీ తడి. వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. సబ్బులా జారింది, చేదుగా ఉంది. దినుసులు కలిపేవాళ్ళ వంశంలో పుట్టినవాడు, వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. లోపలి సోడా బయటికొస్తోంది. దాన్ని పట్టి ఉంచాల్సింది సున్నం. సున్నం చాలకపోతే గాజు చూడటానికి అందంగా ఉంటుంది, ఊదడానికి మెత్తగా ఉంటుంది, కొన్నేళ్ళు పోయాక చెమట పడుతుంది, ఆపైన లోపల్లోపల పగుళ్ళు, ఒకరోజు తనంతట తనే పొడిగా రాలిపోతుంది. మందు లేదు. అప్పుడప్పుడూ కడిగి ఆరబెడితే నాలుగు రోజులు ఎక్కువ బతుకుతుంది, అంతే.

సున్నం రెండింతలు వేసి చూశాడు. చాల్లేదు. మూడింతలు వేశాడు. గాజు గణగణమంది.

మూడు.

ఆ సాయంత్రం శ్మశానానికి పోయి రాయి ముందు కూర్చున్నానని చాలా ఏళ్ళకి నాకు చెప్పాడు. ఊరందరూ వచ్చి దణ్ణం పెట్టుకునే రాయి మీద వాళ్ళ నాన్న లెక్క చెక్కి ఉంది. వాడికది చదువుకోవడానికి అయిదేళ్ళు పైనే పట్టింది. వాళ్ళమ్మ బతికి ఉన్నంతకాలం ప్రతి ఆదివారం ఆమెని చెయ్యి పట్టుకుని అక్కడికి తీసుకెళ్ళాడు. ఆమె ఆ మూడు వేళ్ళనీ తడి గుడ్డతో తుడిచి, "మీ నాన్నకి స్వర్గం గ్యారంటీరా" అనేది. వాడు "అవునమ్మా" అనేవాడు. పదకొండేళ్ళు అన్నాడు.

కొలిమిలో మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ కొలిమి పేరు మీద ఇంకెవరూ కొనరు, అరవై ఇళ్ళ పొయ్యిలు ఆరిపోతాయి. జిల్దోకి అసలే చెప్పలేకపోయాడు. సున్నం పెంచాక గాజు మొండికేసిందని మేస్త్రులు విసుక్కుంటే ఇసుక మారిందన్నాడు. జిల్దోకి అప్పటికే ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి, తన పనితనం తగ్గడానికి అదే కారణం అనుకున్నాడు. అరవై ఒకటిలో అలా అనుకుంటూనే పోయాడు.

అప్పుడు మొదలైంది ఒలిందో పిచ్చి. ఆ అయిదేళ్ళ సరుకులో ఓడలెక్కి పోయినవాటిని ఏమీ చెయ్యలేడు. ఊళ్ళో ఉన్నవి, వెనిస్‌లో పెళ్ళిళ్ళకి, నామకరణాలకి పోయినవి, వాటిని ఒక్కొక్కటే వెనక్కి తెచ్చుకోవాలనుకున్నాడు, జనం చూస్తుండగా అవి చావకముందే. ఊరికే అడిగితే ఎవరిస్తారు? ఎందుకంటారు. కొంటానన్నా అనుమానమే. అందుకని అంతకంటే మేలైనది చేతిలో పెట్టి అడిగేవాడు. ఆదివారం మధ్యాహ్నాలు పడవేసుకుని కూలిపోయే పాత మేడల అటకలన్నీ గాలించాడు. లోపల తెల్లటి దారాలు అల్లినట్టుండే పళ్ళేలు, పూలు రాసిన పాలగాజు కప్పులు, బంగారు రేకు చుట్టిన సీసాలు. సంపాదించిందంతా వాటికే. తినేది మొక్కజొన్న సంకటి, దాని మీద ఉల్లిపాయలతో ఊరబెట్టిన చేప ముక్క ఒకటి. ఒక పిల్ల చేసుకుంటానని వచ్చింది. ఇల్లు చూసి, "ఇందులో నేనెక్కడ నిలబడాలి?" అని అడిగింది. ఆమె పక్క దీవి బురానో వాణ్ణి చేసుకుంది.

నా దగ్గరికీ వచ్చాడు, జిల్దో పోయిన ఏడాదికి.

"వదినా, ఇది చూడు. పాలగాజు. రెండొందల ఏళ్ళనాటిది. మచ్చలేదు."

"బావుంది. మీ అమ్మకి ఇవ్వు, పాలు తాగుతుంది."

"ఆ మలుగు పాత్ర ఇచ్చి ఇది తీసుకో."

"ఏమయ్యా, నా మొగుడు నాకు చేసిచ్చింది నీకెందుకు? ఆయన్ని కట్టుకున్నది నువ్వా, నేనా?"

వాడి చెవులు ఎర్రబడ్డాయి. కప్పుని గుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయాడు. మరుసటి ఏడు ఇంకా పాతది తెచ్చాడు. ఆ మరుసటి ఏడు మ్యూజియంలో కూడా లేనంత మంచిది తెచ్చాడు. నేను ప్రతిసారీ ఇంకో మాట అన్నాను. జిల్దో పేరు మీద వాడికి అసూయ అనుకున్నాను. మెచ్చుకోలు అనుకోవడానికి నా మనసు ఒప్పుకోలేదు.

అరవై ఆరు నవంబరులో సముద్రం పొంగి పెద్దనీరు వచ్చింది. పొద్దున ఎక్కిన నీరు రోజంతా దిగలేదు. నాకూ వాడికీ మధ్య సన్నటి కాలువ, నా మేడ కిటికీలోంచి వాడి కింది గది మొత్తం కనిపించేది. ఎడమవైపు బీరువాలో పాతకాలపు గాజు, కుడివైపు అరల్లో ఊళ్ళో పోగేసిన ఉప్పుగిన్నెలు, పూలగుత్తులు. నడుము లోతు నీళ్ళలో నిలబడి వాడు కుడివైపు సామాను బుట్టలకెత్తి మేడ మీదికి మోస్తున్నాడు.

"ఒలిందో! ఎడమవైపు! పాతవి, పాతవి తియ్యవయ్యా!" అని గొంతు చించుకున్నాను.

"అవి గట్టివి వదినా! తట్టుకుంటాయి!"

బీరువా ఒక్కసారి ఊగి నీళ్ళలోకి పడిపోయింది. వాడు తిరిగి కూడా చూడలేదు, ఇంకో బుట్ట ఎత్తుకున్నాడు. నీళ్ళు తీశాక వెళ్ళి చెడామడా తిట్టాను. "మతి ఉన్నవాడెవడైనా బంగారం వదిలేసి తవుడు మోస్తాడా?"

"జబ్బుగా ఉన్నవాళ్ళనే కదా వదినా ముందు మొయ్యాలి" అన్నాడు. వెంటనే పెదవి కొరుక్కున్నాడు. నేను ఆ మాటని బోర్లించి చూడలేదు. పిచ్చి ముదిరింది అనుకుని వచ్చేశాను.

ఆ తర్వాత మూడేళ్ళకి అద్దాల బీరువాని కాలువ వైపు గదిలోకి మార్పించాను. ఆ నవంబరు రెండున, చనిపోయినవాళ్ళని తలుచుకునే రోజున, శ్మశానం నుంచి వచ్చి బీరువా తెరిస్తే మలుగు పాత్ర ఏడుస్తోంది. గిన్నె అంచు కింద నుంచి చిన్న చిన్న బొట్లు. ఒకటి జారి మలుగు కంటి దగ్గర ఆగింది. ఎనిమిదేళ్ళ నుంచి, బేరానికొచ్చే ఒలిందో తప్ప, నా ఇంట్లో నాతో మాట్లాడిన మొగమనిషి లేడు. ఏమనుకుంటానో వేరే చెప్పాలా? కాలువ అవతలికి కేకేశాను.

"ఒలిందో! తొందరగా రా! జిల్దో వచ్చాడు!"

వచ్చాడు. చూశాడు. మనిషి మొహం సున్నం కొట్టినట్టయింది.

"ఏడుస్తున్నాడయ్యా, చూడు. నా కోసం ఏడుస్తున్నాడు."

వాడు కుర్చీలో కూలబడ్డాడు. తర్వాత జేబు రుమాలు తీసి పాత్ర తుడవబోయాడు. చెయ్యి మీద ఒక్కటి వేశాను. "ఆయన కన్నీళ్ళు తుడవడానికి నువ్వెవరు?" అన్నాను. నిజం చెప్పడానికి ఆ రోజు వాడికి నోరు రాలేదు. నా మొహంలో అంత సంతోషం జిల్దో పోయాక చూడలేదట.

ఆ చలికాలమంతా నేను ఆ బొట్లని తుడవలేదు. గాలి దక్షిణానికి తిరిగితే బీరువా తలుపులు తీసిపెట్టేదాన్ని, ఆ తర్వాత పాత్రని కిటికీ గట్టు మీదే ఉంచేశాను, ఎక్కువ ఏడుస్తాడని. పక్కన కూర్చుని ఊరి కబుర్లన్నీ చెప్పేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేను చెప్పుచ్చుకు కొట్టుకోవాలనిపిస్తుంది. నాకు జీవితంలో అంత బాగున్న చలికాలం ఇంకొకటి లేదు.

ఏప్రిల్లో ఒలిందో వచ్చి కిటికీ గట్టు వైపు చూశాడు. గిన్నె మీద అప్పటికే మంచు పట్టినట్టు మసక.

"వదినా, కిటికీ మూసెయ్."

"ఎందుకు? ఈ గాలి వీస్తేనే కదా ఆయనొచ్చేది."

"అది జిల్దో కాదు."

"మరెవరు? నువ్వా?"

"అవును" అన్నాడు. "నేనే."

నిలబడే అంతా చెప్పాడు. పుస్తకం, సున్నం, మూడు వేళ్ళు, ఆ రాయి. నాకు ఇవ్వు, వారం వారం కడిగి ఆరబెడతాను, ఇంకో ఇరవై ఏళ్ళు నిలబెడతాను అన్నాడు. మొదటి నుంచీ అడిగింది అందుకే అన్నాడు. అరలో దానికి చోటు కూడా ఉంచాను అన్నాడు.

నాకు వినబడింది ఒక్కటే. ఆ చలికాలమంతా నేను సోడాతో మాట్లాడాను.

"మీ నాన్న చావలేక లెక్క చెబుతుంటే మీ ఇంటిల్లిపాదికీ దేవుడు కనిపించాడా? అంత గుడ్డివాళ్ళా మీరు?" అన్నాను.

"నీకు జిల్దో కనిపించలేదూ వదినా, అలాగే" అన్నాడు.

ఎత్తిపొడుపుగా అనలేదు. నెమ్మదిగానే అన్నాడు. ఆ మాటకే మెడపట్టి గెంటేశాను. మెట్ల మీద జారాడు, రెయిలింగు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. మర్నాడు తలుపు కింద నుంచి ఒక కాగితం తోశాడు. "గోరువెచ్చటి వాన నీళ్ళు. వారానికోసారి. మెత్తటి పాత నూలు గుడ్డ. ఎండలో వద్దు. కిటికీ మూసి ఉంచు." దాన్ని సొరుగులో పడేశాను.

మూడేళ్ళు మాట్లాడలేదు. మూడేళ్ళూ పాత్రని కడగలేదు. వాన నీళ్ళు లేకనా? పెరట్లో తొట్టి నిండా ఉండేవి. చేతకాకనా? ఏళ్ళ తరబడి గాజు కడిగినదాన్ని. కడిగానంటే అవి కన్నీళ్ళు కావని ఒప్పుకున్నట్టే. ఒలిందో గెలిచినట్టే. అందుకని చూస్తూ కూర్చున్నాను. మసక తెల్లబడింది. తెలుపులో గీతలు పుట్టాయి, చలికి పగిలిన మడమలా. ఎదురు కిటికీలో వాడు రోజూ పొద్దున నిలబడి నా కిటికీ గట్టు వైపు చూసేవాడు. నేను కావాలనే పాత్రని వాడికి కనిపించేలా జరిపేదాన్ని.

డెబ్బై మూడు జూన్‌లో ఒకరోజు మధ్యాహ్నం రొట్టె కోసుకుంటున్నాను. గాలి కూడా లేదు. మెటిక విరిచినట్టు టిక్‌మంది. తిరిగి చూసేసరికి గిన్నె లేదు, గట్టు మీద పెంకులు ఉన్నాయి. మలుగు పక్కకి ఒరిగి ఉంది. నోట్లోంచి తోక వదిలేసింది.

ఒలిందో తెలియక చేశాడు. నేను తెలిసి చేశాను. ఇది ఎవరికీ చెప్పలేదు, ఫాదర్‌కి కూడా.

పెంకులన్నీ ఏప్రన్‌లోకి ఏరుకుని వంతెన దాటి వెళ్ళాను. వాడు తలుపు తీసి నా మొహం చూడలేదు, ఏప్రన్ చూశాడు. మేడ మీదికి దారి తీశాడు. నేను ఆ గదిలోకి వెళ్ళడం అదే మొదటిసారి. నాలుగు గోడలకీ అరలు, నాలుగు వందల చిల్లర సామాను, ఒక్కొక్కదాని కింద చీటీ. ఎవరింటి నుంచి తెచ్చాడో, ఏ మేస్త్రి చేశాడో, కిందటిసారి ఎప్పుడు కడిగాడో. కిటికీ పక్కన కాకుండా, పొయ్యి గొట్టం దగ్గర పొడిగా ఉండే అరలో, ఒకచోట ఖాళీ. అక్కడ గుండ్రంగా కత్తిరించిన కంబళి ముక్క పరిచి ఉంది. ఎప్పుడో కత్తిరించింది, అంచులు దుమ్ముపట్టాయి. చీటీ కూడా ఉంది. జిల్దో, నీవెస్ పెళ్ళికి. బొడ్డు అరగదీయలేదు.

ఏడుపు ఆగలేదు నాకు. తిడతాడేమోనని చూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

"వదినా, నీళ్ళు వెచ్చబెట్టు" అన్నాడు.

"ముక్కలు కడిగి ఏం లాభం ఒలిందో?"

"లాభం ఏమీ లేదు. వేడి ఎక్కువ పెట్టకు."

ఆ రోజు మొదలు ఇరవై ఏళ్ళు ఇద్దరం సోమవారాలు కడిగాం. వాడు కడిగేవాడు, నేను ఆరబెట్టేదాన్ని. ఏటా పది, పదిహేను రాలిపోయేవి. ఏది పోయినా వాడు చీటీ తీసేవాడు కాదు. పోయే ముందు నాతో ఒక్కటే అడిగాడు, నా రాయి మీద ఏమీ చెక్కించొద్దు వదినా, పేరు చాలు అని. అలాగే చేయించాను.

వాడికి వరసకి అన్నయ్యేవాడి కొడుకు వేసవికి ఇల్లు ఖాళీ చెయ్యాలంటున్నాడు. మిగిలినవి కొలిమికి ఇద్దాం, కరిగించుకుంటారు అన్నాడు. ఎవరూ తీసుకోరు. ఆ గాజు గుప్పెడు కలిసినా మంచి పాకం పాడవుతుంది, చెత్తలో కూడా దానికి చోటు లేదు. ఇంకా రెండు వందల ఆరు ఉన్నాయి. తాళం వేసవి దాకా నా దగ్గరే ఉంది. రేపు సోమవారం.